రాబోయేవాళ్ళ జీతం

ఫెలీ తన బట్టలను బియ్యం సంచిలో కుక్కుకుంటోంది.

"సంచి ఎందుకు, అటక మీద పెట్టె ఉందిగా," అంది సలూద్ గుమ్మంలో నిలబడి.

అన్నాక తెలిసింది, ఎంత పొరపాటు మాట అన్నదో. వెళ్ళొద్దు అనాల్సిన చోట పెట్టె సంగతి ఎత్తింది.

"పెట్టె మీ ఇంటిది వదినా," అంది ఫెలీ తలెత్తకుండా. "సంచి నాది. బజార్లో అడిగి తెచ్చుకున్నా."

"మీ ఇల్లు, మా ఇల్లు అని ఎప్పటినుంచి మొదలైంది?"

"సోమవారం నుంచి."

సోమవారమే హినాబ్యాన్ నగర సభలో జీతాల తీర్మానం చర్చకు వచ్చింది. మేయరుకూ, వైస్ మేయరుకూ, కౌన్సిలర్లకూ జీతం పెంచాలన్నది తీర్మానం. ఆ సాయంత్రానికే చేపల బజారంతా ఇంకో మాట పాకింది. పైవాళ్ళ జీతాలు పెరిగితే, కింద తాత్కాలికంగా పనిచేసేవాళ్ళకి జూన్ తర్వాత పని ఉండదు. ఫెలీ ఆ బజారును ఊడవబట్టి పదేళ్ళు దాటింది. ఆరు నెలలకోసారి పని పొడిగిస్తారు. పొడిగించిన ప్రతిసారీ చర్చిలో కొవ్వొత్తి వెలిగించి వస్తుంది.

"ఇవాళ ఓటు కదా," అంది ఫెలీ. "ఏమంటావు నువ్వు? ఒప్పుకుంటావా, వద్దంటావా? అదొక్కటీ చెప్పు, సంచి విప్పేస్తాను."

మూడు రోజులుగా సలూద్ తనను తాను అడుగుతున్నదీ అదే.

"చెప్పలేవు. ఎలా చెబుతావులే. వచ్చే నెల నుంచి నీ కౌన్సిలరు కుర్చీలో కూచునేది నీ కొడుకాయె."

"వాడు నీ కొడుకు కాడా?"

ఫెలీ చేతులు ఆగిపోయాయి. సలూద్ మంత్రసాని నర్సుగా ఏ వేళప్పుడు ఎవరు పిలిస్తే వాళ్ళింటికి పరుగెత్తిన రోజుల్లో, పిల్లాణ్ణి చంకనేసుకుని తిరిగింది ఫెలీ. అన్నగారింటికి నాలుగు నెలలు సాయం వచ్చిన పిల్ల, మళ్ళీ వెళ్ళలేదు. పెళ్ళి మాట ఎత్తినవాళ్ళకి, వీడు బడికి పోనీ అంది, వీడు పెద్దవాడవనీ అంది. వాడు పెద్దవాడయ్యేసరికి అడిగేవాళ్ళు మానేశారు.

"నా కొడుకు కాబట్టే పోతున్నా," అంది ఫెలీ సంచి మూతి బిగించి. "ఇక్కడే ఉంటే వాడి ముఖం చూస్తూ నిన్ను తిట్టలేను."

వీధి మెట్టు మీద సెబియో తను అద్దెకు నడిపే ట్రైసికిల్ గొలుసుకు నూనె పెడుతున్నాడు. చెల్లెలు సంచి భుజాన వేసుకుని రావడం చూశాడు.

"మునగాకు పులుసు ఉడుకుతోంది. తిని వెళ్ళు."

"తింటే వెళ్ళలేను అన్నయ్యా."

సెబియో మెట్టుకు అడ్డంగా చాచిన కాలు పక్కకి తీశాడు. ఫెలీ దిగి వెళ్ళిపోయింది.

"ఆపుతావనుకుంటే దారిస్తావేం?" అంది సలూద్.

"ఆపి ఏం చెప్పను? నువ్వే చెప్పలేనిది నేను చెప్పనా?"

అతను మళ్ళీ గొలుసు మీదికి వంగాడు.

*

కొడుకు జున్‌రే వచ్చేసరికి పులుసు చల్లారిపోయింది.

"అత్త కనపడింది," అన్నాడు చెప్పులు విడుస్తూ. "బండెక్కమంటే ఎక్కలేదు. తలతిప్పుకుని పోయింది. బేబింగ్ ఇంటికట."

బేబింగ్ ఫెలీతో పాటు బజారు ఊడ్చేదే. ముగ్గురు మనవల్ని పెట్టుకుని ఒకే గదిలో ఉంటుంది.

"నీమీద కోపం కాదులే. నామీద."

"ఎవరి మీదైతేనేం. ఇల్లు వదిలి పోయింది కదా." అతను కూర్చున్నాడు. ఓడల్లో ఇంజిన్ల దగ్గర పనిచేసి చేసి ముఖం నల్లబడింది కానీ, మే ఎన్నికల్లో గెలిచిన దగ్గర్నుంచి రోజూ గడ్డం గీసుకుంటున్నాడు. "మధ్యాహ్నం సభకి నేనూ వస్తాను. వెనక కూచుంటాను."

"రావద్దు."

"ఎందుకు?"

"నువ్వు కనపడితే నా నోరు నా మాట వినదు."

"అంటే వద్దనబోతున్నావా?" అన్నాడు జున్‌రే మెల్లగా.

సలూద్ అన్నం వడ్డించింది. జవాబుకు బదులు ఎండుచేప ముక్క వేసింది. చిన్నప్పుడు ఏడిస్తే వేసినట్టు.

"అమ్మా, నన్ను ఓడ దిగి రమ్మన్నది ఎవరు? నా తర్వాత ఆ కుర్చీ లంచం కవర్లు తీసుకునేవాళ్ళ పాలు కాకూడదు, నువ్వు రా అని ఫోన్లో ఏడ్చింది ఎవరు?"

"నేనే."

"చట్టం ఒప్పుకున్న మూడు సార్లూ నువ్వు గెలిచావు. ఒక్క కవరు ముట్టుకోలేదు. ఊరంతా చెప్పుకుంటారు, నేనూ గర్వంగా చెప్పుకున్నాను. అయితే ఒక్కటి చెప్పు. నీ జీతం నెల మొదటి వారం దాటేదా ఎప్పుడైనా?"

గేటు దగ్గర ఎవరో దగ్గారు. టోపీ చేతిలో పట్టుకుని ఒక మనిషి నిలబడి ఉన్నాడు. ఆయన తండ్రి నిన్న పోయాడు. తొమ్మిది రాత్రుల ప్రార్థనకి వచ్చేవాళ్ళకి కాఫీ, రొట్టె పెట్టాలి.

"కౌన్సిలరమ్మ గారిని అడుగుదామని వచ్చా," అన్నాడాయన. తర్వాత ఆమె భుజం మీదుగా లోపలికి చూశాడు. "కొత్త కౌన్సిలరు గారు కూడా ఉన్నారే. మంచిదైంది."

సలూద్ డబ్బుల సంచీ తీయబోయింది. ఆలోగా జున్‌రే లేచి వెళ్ళి, జేబులోంచి నోట్లు తీసి ఆయన చేతిలో పెట్టాడు. తండ్రి పేరు అడిగాడు, ఏ జబ్బుతో పోయాడో అడిగాడు. ఆయన జున్‌రే చేతులు రెండూ ఒకసారి పట్టుకుని, వెళ్ళిపోయాడు.

జున్‌రే వచ్చి మళ్ళీ కంచం ముందు కూర్చున్నాడు.

"పొద్దుటి నుంచి ఈయన మూడోవాడు. ఒకరికి మందులు, ఒకరికి కుర్రాళ్ళ బాస్కెట్‌బాల్ చొక్కాలు. ఇంకా ప్రమాణమే చెయ్యలేదు నేను."

"లేదని చెప్పొచ్చు."

"నువ్వు చెప్పావా?"

ఆమె చెప్పలేదు. ఆ ఇళ్ళలో సగం పిల్లల్ని తన చేతులతో బయటికి తీసింది. నర్సమ్మా అని వచ్చినవాళ్ళకి లేదని ఎలా చెబుతుంది.

"నీకు నెలనెలా ఓడ మీంచి నేను పంపాను అమ్మా. నా జీతం మీద నువ్వు నీతిగా ఉన్నావు. తప్పనడంలేదు, సంతోషంగానే పంపాను." అతని గొంతు పెరగలేదు. పెరిగి ఉంటే బాగుండేదనిపించింది సలూద్‌కి. "నా నీతికి ఎవరు పంపుతారు?"

మెట్టు మీద సెబియో చేతిలో గుడ్డ కదలడం మానేసింది.

"నువ్వేమైనా చెప్పు నాన్నా," అన్నాడు జున్‌రే.

"మీ అత్త అన్నం తినకుండా పోయింది," అన్నాడు సెబియో. అంతే అన్నాడు.

*

సభలో పంకాలు తిరుగుతున్నాయి కానీ గాలి రావడం లేదు. వెనక బల్లల మీద బజారు ఊడ్చేవాళ్ళు ఆకుపచ్చ చొక్కాలతో కూర్చున్నారు. చీపుర్లు లోపలికి తేవద్దని కాపలావాడు అంటే బయట గోడకి ఆనించి వచ్చారు. రెండో వరసలో బేబింగ్ పక్కన ఫెలీ ఉంది. సలూద్ అటు చూడకుండా తన కుర్చీలోకి వెళ్ళింది.

పోయిన ఏడాది ఓడరేవు పెరగడంతో ఊరి ఆదాయం పెరిగి, హినాబ్యాన్ ఒక తరగతి పైకెక్కింది. ఏ తరగతి ఊళ్ళో ఎన్నికైనవాళ్ళ జీతం ఎంతవరకు ఉండొచ్చో దేశ చట్టంలో ఉంది. అంతదాకా పెంచుకోవాలా వద్దా అన్నది ఆ ఊరి సభే తేల్చుకోవాలి. ఆశపడి పెంచుకుంటారేమోనని చట్టం ఒక ముడి కూడా వేసింది. పెంచినవాళ్ళ పదవీకాలం అయ్యేదాకా ఆ పెంపు అమలు కాదు. పెంచినవాళ్ళు తినకూడదు, తినేవాళ్ళు పెంచకూడదు. రాసినవాళ్ళు మంచి ఉద్దేశంతోనే రాసి ఉంటారు. తల్లి లేచిన కుర్చీలో కొడుకు, మొగుడు లేచిన కుర్చీలో పెళ్ళాం కూచునే ఊళ్ళున్నాయని వాళ్ళకి తట్టలేదో, తట్టినా ఊరుకున్నారో.

ముందుగా కౌన్సిలర్ కలూన్సాగ్ లేచాడు. ఆయనకి రెండు బియ్యం మిల్లులున్నాయి. ఆయన కుర్చీలోకి ఆయన భార్య వస్తోంది.

"నాకు ఈ జీతం ఒక లెక్క కాదు," అన్నాడు ఆయన. "మిల్లు మీద బతుకుతాను. కానీ జీతం తక్కువైతే మిల్లులున్నవాళ్ళే ఈ కుర్చీల్లోకి వస్తారు. ఒక బడిపంతులో ఒక నర్సో గెలిస్తే వాళ్ళెలా బతకాలి? బతకలేక చెయ్యి చాస్తే తప్పెవరిది?"

సలూద్ చేతుల వంక చూసుకుంది. మొదటిసారి గెలిచినప్పుడు ఇదే సభలో ఈ మాటలు అన్నది తనే. అప్పుడు నవ్వినవాళ్ళలో కలూన్సాగ్ ఒకడు. మాట నిజమే. వచ్చిన నోరే నిజం కాదు.

పద్దుల అధికారి మిస్ తంపుస్ లేచి చదవడం మొదలుపెట్టింది. అంకెల మీద అంకెలు. వైస్ మేయర్ ఓమండాం చెయ్యెత్తి ఆపాడు.

"ఒక్క మాటలో చెప్పమ్మా. ఇది దాటితే తాత్కాలికంగా పనిచేసేవాళ్ళ సంగతేమిటి?"

మిస్ తంపుస్ వెనక బల్లల వైపు చూసి, వెంటనే కాగితంలోకి చూసింది.

"జీతాలన్నీ కలిపి ఊరి ఆదాయంలో ఒక వాటా మించకూడదు సార్. ఇది దాటితే ఆ వాటా నిండిపోతుంది. వాళ్ళని పొడిగించడానికి చోటుండదు."

వెనక ఎవరూ అరవలేదు. అరుస్తారని ఇద్దరు పోలీసుల్ని పిలిపించి పెట్టారు. వాళ్ళు గోడకి ఆనుకుని నిలబడ్డారు, ఏం చెయ్యాలో తెలియక.

సలూద్ లేచింది. "సవరణ ఉంది. పెంపులో సగమే ఇప్పుడు ఇద్దాం. మిగిలిన సగం ఆదాయం పెరిగినప్పుడు చూసుకోవచ్చు. అప్పుడు వీళ్ళలో చాలామందిని ఉంచుకోవచ్చు."

"బలపరిచేవాళ్ళు?" అన్నాడు ఓమండాం.

పక్క కుర్చీలో కౌన్సిలర్ ఇడా ఉంది. తొమ్మిదేళ్ళుగా పక్కపక్కనే కూర్చుని, ఒకే సీసాలో కాఫీ పంచుకున్నవాళ్ళు. సలూద్ ఆమె వైపు తిరిగింది. ఇడా కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టింది.

"వద్దంటే మొత్తం వద్దంటాను సలూద్," అంది గొణుగుతున్నట్టు. "సగానికి ఒప్పుకుంటే రెండు వైపులా తిట్లు తినాలి."

"బలపరిచేవాళ్ళు ఎవరూ లేరా? సరే, సవరణ పోయింది."

అంతే. సలూద్ ఇంకా నిలబడే ఉంది. కూర్చోవచ్చని ఎవరో చెప్పాల్సి వచ్చింది.

"అధ్యక్షా, ఒక మనవి," అన్నాడు కలూన్సాగ్. "గౌరవ సభ్యురాలు అబార్కెస్ గారి అబ్బాయి ఈ జీతం అందుకోబోతున్నాడు. ధర్మం ప్రకారం ఆమె ఓటు వెయ్యకుండా ఉంటే బాగుంటుందేమో."

"అలాగే ఉంటాను," అంది సలూద్. "మీరు కూడా బయటికొస్తే ఇద్దరం కలిసి టీ తాగుతూ కూచుందాం. మీ శ్రీమతి కూడా ఇదే జీతం అందుకుంటారుగా."

వెనక బల్లల్లో నవ్వు పుట్టింది. కౌన్సిలర్లలోనూ ఇద్దరు ముగ్గురు నవ్వారు. కలూన్సాగ్ కూడా నవ్వాడు. ఆ నవ్వులతో అసలు మాట కొట్టుకుపోయింది, ఇద్దరిలో ఎవరూ లేవలేదు.

పేర్లు పిలవడం మొదలైంది. అక్షరాల వరసలో అబార్కెస్ అన్నదే మొదటి పేరు. ఇంకెవరైనా ఏమంటారో విని, వాళ్ళ చాటున దాక్కునే వీలు ఆమెకు ఏ రోజూ లేదు.

"సలూద్ అబార్కెస్."

వెనక ఫెలీ ముఖం చూసి ఉంటే ఏమనేదో ఆమెకు తెలియదు. కొడుకు ముఖం కనపడి ఉంటే ఏమనేదో తెలుసు. వెనక్కి తిరగకుండా గోడ మీది జెండా వైపు చూసింది.

"వద్దు," అంది.

నోటి నుంచి వచ్చేదాకా ఆ మాట వస్తుందని ఆమెకు నమ్మకం లేదు.

తర్వాత పేర్లు ఒక్కొక్కటే సాగాయి. సరే. వద్దు. సరే. సరే. ఇడా మాట నిలబెట్టుకుంది, వద్దంది. చివరికి ఆరుగురు ఒక వైపు, ఆరుగురు ఒక వైపు తేలారు. వెనక బల్లల్లో ఎవరో ఊపిరి గట్టిగా తీసుకున్నారు.

సరిసమానంగా తేలినప్పుడే వైస్ మేయరుకి ఓటు. ఓమండాం నీళ్ళు తాగాడు. గ్లాసు మీద మూత జాగ్రత్తగా పెట్టాడు.

"అధ్యక్షస్థానం ఒప్పుకుంటోంది," అన్నాడు. తర్వాతి అంశం వీధికుక్కల గురించి. అది చదవమన్నాడు.

బయటికొచ్చేటప్పుడు కలూన్సాగ్ తలుపు దగ్గర ఆగి ఆమెకు దారిచ్చాడు.

"మీ తెలివే తెలివి మేడమ్," అన్నాడు. వెక్కిరింపు లేదు, మెచ్చుకోలుగానే అన్నాడు. "సరే అనకుండానే మీ వాడికి జీతం వచ్చింది. పేదవాళ్ళలో పేరూ మిగిలింది. మాకు ఏదో ఒకటే దక్కింది."

"నేను అలా ఆలోచించి వెయ్యలేదు."

"ఎవరు కాదన్నారు?"

వరండాలో ఊడ్చేవాళ్ళు గోడ దగ్గర చీపుర్లు ఏరుకుంటున్నారు. సలూద్ ఫెలీ దగ్గరికి నడిచింది.

"విన్నావుగా. వద్దన్నాను."

"విన్నా," అంది ఫెలీ. కోపం లేదు ఆ గొంతులో. అందుకే సలూద్‌కి భయమేసింది. "నువ్వు వద్దన్నా అయ్యింది. సరేనన్నా అయ్యేది. ఇంటికెళ్ళు వదినా, ఎండగా ఉంది."

*

ఆ ఇంట్లో తర్వాత రెండు వారాలు మాటలు కొలిచి వాడుకున్నారు.

"వద్దన్నావట," అన్నాడు జున్‌రే ఆ సాయంత్రం.

"అన్నాను."

"సరే."

ఆ సరే తర్వాత ఆమె ఎంత ఎదురుచూసినా ఇంకో మాట రాలేదు. తిట్టినా బాగుండేది. ప్రమాణం రోజుకు కుట్టించుకున్న తెల్ల చొక్కా తెచ్చి, ఎప్పట్లా తల్లికి చూపించకుండా మేకుకు తగిలించి వెళ్ళాడు. రెంటికీ చెడ్డ రేవడి అంటే ఇదే కాబోలు. కొడుకు దృష్టిలో జీతం కాదన్న తల్లి, బజారు దృష్టిలో నాటకమాడిన కౌన్సిలరు. ఎవరి ముందు ఏమని చెప్పుకున్నా, చెప్పుకునేకొద్దీ అబద్ధంలాగే వినపడుతుంది.

సెబియో మాత్రం రోజూ మధ్యాహ్నం ఒక గిన్నెలో కూర పెట్టుకుని ట్రైసికిల్ మీద బేబింగ్ ఇంటికి వెళ్ళొచ్చేవాడు. ఫెలీ తిందా అని సలూద్ అడిగేది. పిల్లలు తిన్నారు అనేవాడు.

జూన్ చివరి వారంలో ఒకరోజు, భోజనాల వేళకి ఫెలీ తనే వచ్చింది. చేతిలో ఏమీ లేదు. సరాసరి వంటింట్లోకి వచ్చి బల్ల దగ్గర నిలబడింది. ముగ్గురూ తింటున్నవాళ్ళు ఆగిపోయారు.

"కూచో ఫెలీ," అంది సలూద్ కంచం తీయడానికి లేస్తూ.

"కూచోను. ఒకటి అడగడానికి వచ్చా." ఆమె పెదాలు పొడిబారి ఉన్నాయి. "పొద్దున మేస్త్రీ అందర్నీ నిలబెట్టి చెప్పాడు. జూన్‌తో అందరికీ ఆఖరు అన్నాడు. చీపుర్లూ చొక్కాలూ అప్పగించమన్నాడు. నేనూ చొక్కా విప్పబోయా. నువ్వుండు ఫెలీ, నీది పొడిగించారు అన్నాడు."

సలూద్ తీసిన కంచం మెల్లగా బల్ల మీద పెట్టింది.

"ఎవరెవరివి పొడిగించారని అడిగా. నీ ఒక్కదానిదే అన్నాడు. అందరి ముందూ అన్నాడు. బేబింగ్ నా పక్కనే ఉంది." ఆమె వదిన ముఖంలోకి చూసింది. "నువ్వు చేశావా?"

"లేదు ఫెలీ. దేవుడి మీద ఒట్టు."

"అయితే ఎవరు?"

సలూద్ కొడుకు వైపు తిరిగింది. జున్‌రే అన్నం కలుపుతున్నాడు. కలిపిందే కలుపుతున్నాడు.

"జున్‌రే," అంది సలూద్.

"మేయరుతో ఒక మాట అన్నాను," అన్నాడు చివరికి. "అంతే. మా అత్త, నన్ను పెంచింది అన్నాను. చూద్దాంలే అన్నాడు."

"బదులుగా ఏమడిగాడు?"

"ఏమీ అడగలేదు."

"ఏమీ అడగలేదా?"

"లేదన్నానుగా. భుజం తట్టి పంపాడు."

మేయరు ఏదో ఒకటి అడిగి ఉంటే బాగుండేది. అడిగినవాడి బాకీ ఎప్పుడో ఒకప్పుడు తీరుతుంది. అడగనివాడు పదవున్నన్నాళ్ళూ భుజం మీద చెయ్యి తియ్యడు. ప్రమాణం ఇంకా వారం ఉంది. వీడు అప్పుడే ఆ చెయ్యి కిందికి వెళ్ళిపోయాడు. డబ్బు కోసమైతే తిట్టేది. అత్త కోసం వెళ్ళాడు. ఏమని తిడుతుంది.

"నువ్వు అన్నం తినకుండా పోతే నాకు ముద్ద దిగలేదత్తా," అన్నాడు జున్‌రే. పెద్ద మగాడి గొంతు చిన్నపిల్లాడిలా అయిపోయింది. "అందర్నీ ఆపే శక్తి నాకు లేదు. నిన్నొక్కదాన్నైనా ఆపగలిగాను అనుకున్నా."

ఫెలీ అతని తల మీద చెయ్యి వేయబోయి, సగంలో వెనక్కి తీసుకుంది.

"బేబింగ్ నన్నేమీ అనలేదురా. ఇంటికెళ్ళి అన్నం వండింది. నాకూ పెట్టింది. పిల్లలకంటే ముందు నాకే పెట్టింది, ఇంట్లోకి అధికారి వచ్చినట్టు. తినలేక లేచి వచ్చా."

"అయితే వద్దని చెప్పెయ్," అన్నాడు సెబియో. అన్నాళ్ళ తర్వాత అతని నోట వచ్చిన మొదటి సలహా అది.

"చెబుదామనే బయల్దేరా అన్నయ్యా. నగరసభ మెట్లదాకా వెళ్ళా." ఫెలీ బల్ల అంచు పట్టుకుంది. "నోరు రాలేదు. ఈ వయసులో నాకింక పనెవరిస్తారు? వద్దంటే నా చోట బేబింగ్‌ని తీసుకుంటారా? తీసుకోరు. చోటు పోతుంది, అంతే. అయినా చెప్పాలిగా. చెప్పలేకపోయా. ఒకటో తారీకు పొద్దున ఆ బజార్లోకి చీపురు పట్టుకుని నేనొక్కదాన్నే ఎలా వెళ్ళను వదినా? చేపలమ్మేవాళ్ళు చూస్తారు. వాళ్ళకన్నీ తెలుసు."

సలూద్ చాలా ఇళ్ళలో చాలామంది ఆడవాళ్ళ చేతులు పట్టుకుని, ఇంకాస్త ఓర్చుకో అయిపోతుంది అని చెప్పింది. ఆ మాటే నోటిదాకా వచ్చింది. ఇది అయిపోయేది కాదని తెలిసి మింగేసింది.

అప్పుడే గేటు దగ్గర అలికిడయింది.

సెబియో లేచి కిటికీలోంచి చూశాడు. చూసి, వెంటనే పక్కకి తప్పుకున్నాడు.

"ఎవరు?" అంది సలూద్.

"వాళ్ళే."

గేటు బయట బజారు ఊడ్చే ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. ముందు బేబింగ్ ఉంది. దెబ్బలాడటానికి వచ్చినవాళ్ళలా లేరు. ఆకుపచ్చ చొక్కాలు లేవు. ఆదివారం చర్చికి వేసుకునే గౌన్లు వేసుకున్నారు. జుట్టు తడిపి దువ్వుకున్నారు. ఒకామె చేతిలో అరటిపళ్ళ గెల ఉంది.

"నిన్ను వెతుక్కుంటూ వచ్చారేమో," అంది సలూద్ ఫెలీతో.

ఫెలీ తల అడ్డంగా ఊపింది. ఆమెకు అర్థమైపోయింది.

"ఫెలీ," అని పిలిచింది బేబింగ్ బయటినుంచి. గొంతులో ఎంతో మర్యాద. ఇన్నేళ్ళ స్నేహంలో ఆ మర్యాద ఎప్పుడూ లేదు. "సారు ఇంట్లో ఉన్నారా? జున్‌రే సారు. ఒక్క నిమిషమే. మా పేర్లు కూడా ఒకసారి మేయరు గారి చెవిన వేస్తారేమోనని."

సారు అన్న మాట వంటింట్లో అందరికీ వినపడింది. బేబింగ్ అతన్ని మొన్నటిదాకా ఒరేయ్ అని పిలిచేది.

జున్‌రే చెయ్యి కడుక్కున్నాడు. తువ్వాలు కోసం చూశాడు, కనపడలేదు. తడిచేతులతోనే తల్లి ముందుకొచ్చి నిలబడ్డాడు. రెండు వారాలుగా ముఖం చూడనివాడు సూటిగా ముఖంలోకి చూశాడు.

"ఏం చెప్పమంటావమ్మా?"

సలూద్ నోరు తెరిచింది. ఆమె మాట ఇంకా పుట్టకముందే బయట గడియ తీసుకుని ఆడవాళ్ళు లోపలికి రావడం మొదలుపెట్టారు.